పదిహేనో తారీకున పెద్ద ఆటు

వీత్రె,
ఫిబ్రవరి 9

ప్రియమైన ఎస్తెల్‌కు,

మీ అత్తయ్య అనిక్ ఆశీర్వదించి, రెండు బుగ్గలా ముద్దులు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ మామయ్య లొయిక్ మోకాలు మాత్రం వాన రాకముందే కబురు చెబుతోంది, ఈ శీతాకాలం దానికసలు తీరికే లేదు. తూర్‌లో నువ్వూ, మార్గో, టిటువాన్ క్షేమమని తలుస్తాను. విడాకులయ్యాక 'మీ అత్తయ్య' అని రాసుకోవచ్చో లేదో నాకెవరూ చెప్పలేదు. వద్దనేదాకా రాస్తాను.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో నువ్వు "సరే, చూద్దాం" అంటావు, నేను "అవును, చూద్దాం" అంటాను, ఇద్దరం పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

క్యాంపింగ్ విషయంలో పెద్ద పొరపాటు చేశాను. ఎర్కీలో మన చోటు నీకు తెలిసిందేగా, ఇసుకదిబ్బ వెనక ముళ్ళపొద పక్కన. ఆ చోటు మళ్ళీ మనకే రావాలంటే ఫిబ్రవరి రెండున శాందెలర్ అట్ల పండుగ లోపల తేదీలు రాసి, క్యాంపింగ్ నడిపే మదాం టాంగీకి పంపాలి. పండుగ రోజు అట్లు వేస్తూ, ఒక చేత్తో పెనం, ఒక చేత్తో పెన్నూ పట్టుకుని, గోడకి వేలాడే ఆటుపోట్ల పుస్తకం చూశాను. మన ఇంట్లో సెలవులు ఎప్పుడూ అలాగే పెట్టుకున్నాం కదా. సముద్రం బాగా వెనక్కి పోయే రోజులెప్పుడో చూడటం, అవి నడిమధ్యకి వచ్చేలా అటో వారం ఇటో వారం రాసెయ్యడం. ఈ ఆగస్టులో పెద్ద ఆటు పదిహేనో తారీకున మొదలై మూడు రోజులుంటుంది. ఎనిమిది నుంచి ఇరవై రెండు దాకా అని రాసి, అట్టు మాడకముందే కవరు అంటించాను.

జడ్జిగారి కాగితం ఆ క్షణాన నా బుర్రలో లేదు. ఆగస్టు మొదటి సగం పిల్లలు గ్వెనయెల్ దగ్గర, పదిహేను మధ్యాహ్నం నుంచి నీ దగ్గర. గత రెండేళ్ళూ బుద్ధిగా మొదటి సగంలోనే తేదీలు పెట్టాను కూడా. ఈసారి మాత్రం ఒక వారం నా కొడుకు వాటాలో, ఒక వారం నీ వాటాలో పడింది. భోజనాల దగ్గర మామయ్య క్యాలెండర్ చూసి, "నువ్వు సెలవులు పెట్టావా, పిల్లల్ని రంపంతో కోశావా?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, ఇంకో అట్టు వెయ్యమన్నాడు.

మదాం టాంగీకి ఫోన్ చేశాను. ఆవిడ నోరు నీకు తెలుసు. "పొద పక్క చోటు కోసం నాంత్ వాళ్ళు రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు. మీరు వదిలితే ఈ సాయంత్రమే వాళ్ళకి రాసేస్తాను. మీకు చెత్తడబ్బాల పక్కన ఇస్తాను, కావాలా?" అంది. చెత్తడబ్బాల పక్కన ఏ మనిషైనా సెలవులు గడుపుతాడా! వద్దన్నాను.

అందుకని నేనొకటి అనుకున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు. పదిహేనున నువ్వు లవాల్ దాకా వచ్చి, హైవే పక్కన ఆ లారీలు ఆగే చోట పిల్లల్ని ఎక్కించుకుని తిరిగి పోయే బదులు, ఇంకో రెండు గంటలు బండి నడుపు. నేరుగా ఎర్కీ వచ్చెయ్యి. ఆ వారం మాతో ఉండు. పిల్లలు నీ వాటాలోనే ఉంటారు, పరుపులు మాత్రం మారవు. గ్వెనయెల్ ఆ పొద్దున్నే రెన్ వెళ్ళిపోతాడు, మీరిద్దరూ ఎదురుపడే పనే లేదు.

మామయ్య అప్పుడే పెద్ద టెంటు గరాజులో వేసి చూశాడు. ఫిబ్రవరిలో! కారు బయట వానలో తడుస్తోంది. గుడ్డ బాగానే ఉంది, కొంచెం బూజు వాసన. ఊచ ఒకటి వంగింది. ఎలా వంగిందో తెలీదంటాడు మామయ్య, టిటువాన్ దాంతో కత్తియుద్ధం చేశాడని నాకు తెలుసు. ఎడమ గది పిల్లలకి, కుడి గది నీకు. మేమిద్దరం ఎప్పట్లాగే పాత కారవాన్‌లో. కుడి గది కిటికీ జిప్పు పట్టేస్తోంది, కొవ్వొత్తి రుద్దితే జారుతుందంటున్నారు, ఇప్పుడే వెళ్ళి రుద్దొచ్చాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎన్నిసార్లు లేచానో. "కుర్చీలో చీమలున్నాయా?" అంటున్నాడు మామయ్య.

టిటువాన్‌కి ఆరేళ్ళొచ్చాయి, ఊహ తెలిశాక పెద్ద ఆటు చూడలేదు. అది తెలుసా నీకు? పదిహేను మధ్యాహ్నం సముద్రం వెనక్కి పోయే వేళకి వాడు లవాల్ దాటి కారులో నిద్రపోతుంటాడు. ఇసుకలో బొరియ చూసి ఉప్పు పోస్తే కత్తిగుల్ల ఎలా బయటికి ఎగురుతుందో వాడికి మాటల్లో చెబితే నమ్మడం లేదు. "నాయనమ్మా, గుల్లకి కాళ్ళుంటాయా?" అని అడిగాడు. నువ్వు మొదటిసారి చూసినప్పుడు మామయ్య మెడ పట్టుకుని వేలాడావు. లువార్ నది తప్ప నీళ్ళెరగని పిల్లవి. ఆ ఏడు చివరికి మా అందరికన్నా ఎక్కువ గుల్లలు నువ్వే తీశావు.

సరే, ఆలోచించు. తొందరేం లేదు. అంటే, ఈస్టరుకి ముందు చెబితే బాగుంటుంది, నీ పేరు కూడా రాయించాలి కదా. ఈ వారమే చెబితే ఇంకా బాగుంటుంది.

నీ మేలు కోరే,
అత్తయ్య అనిక్


తూర్,
మార్చి 2

గౌరవనీయులైన అనిక్ గారికి,

నమస్కారాలు. మీరూ లొయిక్ గారూ కులాసా అని విని సంతోషం. పిల్లలు బాగున్నారు. టిటువాన్‌కి ముందు పన్ను ఊడింది. మార్గో ఈతలో రెండో తరగతికి వెళ్ళింది.

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. మర్యాదగా ఎలా రాయాలో తెలియక ఆలస్యమైంది. ఇక మర్యాద పక్కన పెట్టి రాస్తున్నాను.

మీరు తేదీల్లో పొరపడ్డారంటే నేను నమ్మను. ఆటుపోట్ల పుస్తకం మీకు కంఠతా వచ్చు. అంతకన్నా బాగా జడ్జిగారి కాగితం వచ్చు, పిల్లల్ని తెచ్చే రోజూ తీసుకెళ్ళే రోజూ నాకు గుర్తుచేసేది ప్రతిసారీ మీరే. ఇది గ్వెనయెల్ ఆలోచనా? మమ్మల్ని మళ్ళీ కలపాలని మీ ఆలోచనా? ఏదైనా సరే, వద్దు. మేమిద్దరం ఇప్పుడు ఒకరితో ఒకరు బాగానే మాట్లాడుకుంటున్నాం. దానికి రెండేళ్ళు పట్టింది. దాన్ని మళ్ళీ కదపకండి.

ఇంకో మాట. ఆ ముళ్ళపొద పక్కన నేను ఏ హోదాలో ఉంటాను? పొద్దున రొట్టెల బండి దగ్గర నిలబడితే అందరూ నన్ను ఎరుగుదురు. "ఓ, ఎస్తెల్! చాలా కాలమైంది!" అంటారు, ఆ తర్వాత ఏమనాలో తెలీక రొట్టెల వైపు చూస్తారు. నా ఇల్లనుకున్న చోటికి నేను చుట్టంగా రాలేను. అడిగి కుర్చీ తీసుకోవడం, అడిగి ఉప్పు తీసుకోవడం నావల్ల కాదు.

ఆగస్టు రెండో సగం మా అన్నయ్య వాళ్ళ ఇంటికి, లోష్ వెళ్తున్నాం. పదిహేను మధ్యాహ్నం లవాల్‌లో ఎప్పటిలాగే ఉంటాను. మీ సెలవులు ఎనిమిది నుంచి పదిహేను దాకా హాయిగా గడవాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
ఎస్తెల్

తా.క. మీ ఉత్తరం బల్ల మీద ఉంటే మార్గో చదివేసింది. తప్పు నాదే. "అమ్మా, పదహారో తారీకున ఎర్కీ ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఉన్నట్టే ఉంటుందన్నాను. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.


వీత్రె,
మార్చి 7

ప్రియమైన ఎస్తెల్‌కు,

ఆశీస్సులు. దిండు కింద పెట్టిన టిటువాన్ పన్ను తీసుకుని, ఎలుక నాణెం పెట్టి వెళ్ళిందా? ఈ సంగతి నాకు ఫోన్లో ఎవరూ చెప్పలేదు.

నీ ఉత్తరంలో ఆ 'గారు' చూసి మామయ్య రేడియో కట్టేశాడు. ఆయన రేడియో కట్టెయ్యడమంటే ఏమిటో నీకు తెలుసు. "చూశావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేదానివి, ఇంత పెద్ద గుమ్మడికాయ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నావు" అన్నాడు. నిజమే. పొరపాటు కాదు, తెలిసే చేశాను. పెన్ను పట్టుకున్నప్పుడు పెనం పొయ్యి మీదే లేదు. మదాం టాంగీకి ఫోన్ కూడా చెయ్యలేదు. చేసి ఉంటే మాత్రం అచ్చం ఆ మాటే అనేది, చెత్తడబ్బాలతో సహా. కోడలు లేని అత్త గుణవంతురాలంటారు. ఈ రెండేళ్ళలో నా గుణం ఎంత బాగుపడిందో చూశావుగా.

గ్వెనయెల్‌కి ఏమీ తెలియదు. నీ ఉత్తరం చదివాకే వాడికి చెప్పాను. ఒక్కసారిగా అరిచాడు. "అమ్మా, విడాకులు తీసుకున్నది నేను! నువ్వు కాదు! జడ్జి గీసిన గీత మీద టెంటు వేస్తానంటావేంటి?" అన్నాడు. నేనూ అరిచాను. మామయ్య కుక్కని తీసుకుని బయటికి పోయాడు, మాకు కుక్క లేదు, పక్కింటి వాళ్ళది. అరగంట పోయాక వాడే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఎస్తెల్ రావాలనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ తనని పీక్కుతినకు" అన్నాడు. పెట్టేసే ముందు, "పదిహేను పొద్దున వెళ్ళేముందు టెంటు తాళ్ళు బిగించి వెళ్తాను, నాన్న మోకాలితో వంగలేడు" అన్నాడు. నా కొడుకు నీకు మంచి మొగుడు కాలేకపోయాడు. తాళ్ళు మాత్రం బాగా బిగిస్తాడు.

మిమ్మల్ని కలపాలని నాకు లేదు. ఈ ఒక్క మాట నమ్ము. మీరు కలిసున్న చివరి రెండు వేసవులూ మీ ఇద్దరి మొహాలు చూసినదాన్ని. ఒకే గొడుగు కింద కూర్చుని ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ చూసేవాళ్ళు. విడిపోయారని విన్న రోజు ఏడ్చాను, మర్నాడు పొద్దున హమ్మయ్య అనుకున్నాను.

రొట్టెల బండి దగ్గర జనం గురించి రాశావు. చూడనీ. బంతులాట ఆడే ఆ ముసలాళ్ళకి ఆగస్టంతా నమలడానికి ఏదో ఒకటి కావాలి. పోయినేడు మా కారవాన్ కర్టెన్ల రంగు నమిలారు. అంత ఇబ్బందైతే రొట్టె నేను తెస్తాను. మదాం టాంగీ ఏమీ అనదు. ఏప్రిల్లో క్యాంపింగ్ తెరిచేముందు చూడ్డానికి నిన్న ఎర్కీ వెళ్ళాం, నేనే మామయ్యని లాక్కెళ్ళాను, ఇంట్లో కాలు నిలవలేదు. పొద కొమ్మలు కత్తిరించింది. "మీ కోడలు వస్తుందా?" అని అడిగింది. ఇంకా తెలీదన్నాను. "రాకపోతే ఆ కత్తిగుల్లలన్నీ ఎవరు తీస్తారు, ఈయనా?" అని మామయ్య పొట్ట వైపు చూసింది.

లవాల్ సంగతి నీకు చెప్పలేదు. పోయినేడు పిల్లల్ని దింపడానికి గ్వెనయెల్‌తో నేనూ వచ్చాను, నువ్వు కారు దిగలేదు గనక నన్ను చూసి ఉండవు, నేనూ దిగలేదు. టిటువాన్ ఎర్కీ నుంచి బకెట్‌ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, సముద్రపు నీళ్ళల్లో చిన్న పీతలు. దారంతా వాటితో మాట్లాడాడు. లవాల్‌లో గ్వెనయెల్ వాడితో, "అమ్మ కారులో నీళ్ళు ఒలుకుతాయి నాన్నా" అన్నాడు. మామూలుగానే అన్నాడు, వాడి తప్పేం లేదు. టిటువాన్ ఏడవలేదు. లారీల పక్కన గడ్డి మీద మెల్లిగా వంచేశాడు. వంచేసి, పీతలకి దారి చూపిస్తున్నట్టు వేలితో రోడ్డు అవతల వైపు చూపించాడు. సముద్రం ఆ వైపు కాదు. నేను కారు తలుపు తీయబోయి మానేశాను.

ఇంటికొచ్చాక ఆటుపోట్ల పుస్తకం తీశాను. కొత్త ఏడాదిది ఇంకా రాలేదు, దుకాణానికి రోజూ పోయి అడిగాను. "మదాం, చంద్రుణ్ణి తొందరపెట్టడం మా వల్ల కాదు" అన్నాడు ఆ దుకాణంవాడు. వచ్చిన రోజు పదిహేనో తారీకు చూసి, ఇదే అనుకున్నాను. అంతే జరిగింది. ఇందులో గ్వెనయెల్ కుట్ర లేదు, అంతా నా కుట్రే.

వారం కుదరకపోతే మూడు రోజులు రా. లోష్‌కి తర్వాత వెళ్ళొచ్చు, మీ అన్నయ్య ఇల్లు ఎక్కడికీ వెనక్కి పోదు. చుట్టంగా రాలేనన్నావు. రావద్దు. వచ్చిన రోజునే నీకు పని చెబుతాను, ఉల్లిపాయలు కోయిస్తాను, మామయ్య మీద కోపం నీ మీద చూపిస్తాను. మార్గోకి ఇలా చెప్పు: పదహారో తారీకున ఎర్కీ ఎలా ఉంటుందో నాయనమ్మకి కూడా రెండేళ్ళుగా తెలీదని. మీరు లేకుండా మేము ఆ ఆటుకి దిగలేదు. టెంటు విప్పి ఇంటికొచ్చేశాం.

రాత్రి పగలు తేడా లేకుండా దీని గురించే ఆలోచిస్తున్నాను. మామయ్య నీకు ముద్దులు చెప్పమన్నాడు. 'గారు' తీసేసి మళ్ళీ రాయమన్నాడు.

నీ,
అత్తయ్య అనిక్

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. ఉత్తరమంతా పిల్లల పేరు చెప్పి రాశాను. పీతలు నిజం, పన్ను నిజం. కానీ పిల్లల కొదవ నాకు లేదు, ఎస్తెల్. గ్వెనయెల్ వాళ్ళని తెస్తూనే ఉంటాడు. క్రిస్మస్‌కి సగం నా దగ్గరే ఉంటారు. జడ్జిగారు తండ్రికి రోజులు రాశారు, తల్లికి రోజులు రాశారు. అత్తాకోడళ్ళకి ఒక్క పూట కూడా రాయలేదు, మనమూ అడగలేదు.

క్యాంపింగ్‌లో భోజనాలయ్యాక గిన్నెల తొట్టి చెరో పక్కా పట్టుకుని కుళాయిల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. నువ్వు తోమేదానివి, నేను తుడిచేదాన్ని. మీ అమ్మ పోయిన సంగతి అక్కడే చెప్పుకున్నావు. నా ఆపరేషన్ సంగతి మామయ్య కన్నా ముందు నీకే చెప్పాను, అక్కడే. గిన్నెలైపోయినా కదిలేవాళ్ళం కాదు, వెనక వరసలో జనం దగ్గేవాళ్ళు. ఈ రెండేళ్ళూ తొట్టి రెండో పక్క మామయ్య పట్టుకుంటున్నాడు. మంచివాడు, నాకన్నా శుభ్రంగా తోముతాడు. తోముతున్నంత సేపూ నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

నా కొడుకు నిన్ను పోగొట్టుకున్నాడని అందరూ వాణ్ణి ఓదార్చారు. నన్నెవరూ ఓదార్చలేదు. నాకు నువ్వు లేక బెంగగా ఉంది. పిల్లల్ని మీ అన్నయ్య దగ్గర వదిలి వచ్చినా సరే. నువ్వు రా.